అసలు సామాను

బొబ్బిలి పేరు వినగానే చదువరులకు 1757 నాటి యుద్ధమో, గొల్లపల్లి వీణో స్ఫురించడం సహజం. నేను ప్రస్తావించబోయేది మాత్రం మా ఇంటి సావిడిలో 30 ఏండ్లకు పైగా కదలక నిలిచిన ఒక మోటారు కారు విషయం. అది స్టాండర్డు హెరాల్డు. 1966లో మద్రాసులో తయారైన రెండు తలుపుల బండి.

ఈ కారు పుట్టినది ఇంగ్లండులో. ఇటలీ దేశస్థుడైన మిచెలొట్టి రూపకల్పన చేయగా, 1959లో ట్రయంఫ్ అనే పేరుతో అక్కడ విడుదలైంది. 1961 నుండి మద్రాసులో తయారైంది. 25 అడుగుల వృత్తంలో చుట్టూ తిరగగల చక్కని బండి. అయితే అంత తేలికగా తిరగడానికి తోడ్పడే ముందు చక్రాల అమరికలోనే దాని బలహీనత కూడా ఉన్నది.

ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు భాగానికి అడుగు కొసన మర ఉంటుంది. ఆ మర ట్రనియన్ అనే ఇత్తడిరంగు లోహపు దిమ్మలో దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులో తిరుగుతుంది. దానికి పోయవలసినది చిక్కని గేరు ఆయిలు. మన షెడ్లలో ప్రతి కీలుకూ గ్రీజు కొట్టడమే వాడుక. గ్రీజు ఆ మర సందులలోకి పూర్తిగా చేరదు. నీరు చేరుతుంది, తుప్పు పడుతుంది, ఒకనాడు ఉక్కు విరిగి చక్రం బండి కిందికి మడతపడుతుంది. 1986లో రామభద్రపురం దారిలో మా బండికి జరిగినది ఇదే. ఎవరికీ దెబ్బలు తగలలేదు గాని, నాన్నగారు మరి స్టీరింగు పట్టలేదు.

నాన్నగారు గతించిన పిదప అమ్మ ఒక్క మాటే అన్నది: “దాన్ని పాత ఇనుము వాళ్ళకి మాత్రం ఇచ్చేయకు నాన్నా. నడిస్తే నన్నోసారి సాలూరు తీసుకెళ్ళు. మా పుట్టింటి వీధి చూస్తాను.” 2018లో పని ఆరంభించాను. వృద్ధురాలైన తల్లిని కూర్చుండబెట్టి నడపవలసిన బండి గనుక, ఏ భాగం అసలుదే కావాలి, ఏది ఇక్కడ చేయించుకోవచ్చు అన్నది నాకు కేవలం ముచ్చటగా తోచలేదు.

వెనుక భాగం సులభంగానే తేలింది. హెరాల్డుకు వెనుక ఒకటే కమాన్ కట్ట, అడ్డంగా ఉంటుంది. అది కుంగిపోయింది. మా ఊరి వృద్ధ మెకానిక్కును అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన నవ్వి, “కమాన్ అంటే ఫార్సీలో విల్లు, మాస్టారూ. వంపు పోయిన విల్లును మళ్ళీ వంచుకోవచ్చు. విరిగిన ఉక్కును అతికితే మాత్రం నమ్మరాదు” అన్నారు. లారీలకు పేరుమోసిన సాలూరులో పట్టీలను కాల్చి, వంచి, పదును పెట్టించాము.

ఇక ముందు చక్రాల నిలువు ఉక్కు. వెల్డింగు చేయిస్తే సరిపోతుందన్నవారు ఉన్నారు, ఉస్తాద్ అంగీకరించలేదు. ఏకాండి వీణను ఒకే పనస మొద్దులో తొలుస్తారు గదా, ఇదీ అట్లా ఒకే ముక్కగా ఉండవలసినదే. విజయవాడ ఆటోనగర్‌లో వెదికాను, లేదు. కలకత్తా మల్లిక్ బజారులో విచారింపజేశాను, లేదు. చివరకు మద్రాసు పుదుప్పేటలో రెండు దొరికాయి. ఎడమ చక్రానిది ఎడమ మర, కుడి చక్రానిది కుడి మర. దొరికిన రెండూ ఒక వైపువే! ఆ సంగతి అమ్మిన వ్యాపారే ముందుగా చెప్పాడు. అయినా తెచ్చి, విశాఖపట్నంలో రంగు ద్రవం పూయించి పగుళ్ళు పరీక్ష చేయించాను. రెండింటిలోనూ మర మొదట వెంట్రుకవంటి గీత కనిపించింది.

మద్రాసు కర్మాగారం 1980ల చివర మూతపడింది. ఇక్కడి హెరాల్డులలో చాలావరకు తుక్కులో కలిశాయి. ఇంగ్లండులో అట్లా కాలేదు. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారుకూ ఈ జాతి అమరికే. దానిని ప్రేమించేవారు వేలమంది. 1977 నుండి వారికొక క్లబ్బు కూడా ఉన్నది. అడిగేవారు ఉన్నందున ఆ భాగాలు అక్కడ నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. మా జత అక్కడి నుండే వచ్చింది.

మద్రాసులో పోతపోసిన పాత లోహమే అసలుదని నేను మొదట తలచి తిరిగాను. పగిలిన పాత ఉక్కు ప్రాణం నిలపదు. కొలత, పదును, మర వైపు, పోయవలసిన నూనె, ఈ నాలుగూ ఉన్నదే అసలు సామాను. వీటిలో మొదటి మూడింటినీ డబ్బిచ్చి తెప్పించుకోవచ్చు. నాలుగవది మనకు తెలిసి ఉండాలి.

2022లో అమ్మ ముందు సీటులో కూర్చుని సాలూరు వెళ్ళివచ్చింది. ఇప్పుడు మా సావిడి గోడపై తెలుగులో నేను, ఉర్దూలో ఉస్తాద్ వ్రాసిన ఒకే వాక్యం ఉన్నది: “ఇక్కడ గ్రీజు వద్దు, ఆయిలు పోయండి.”