సింహాలూ, సముద్రమూ, ఓ సూదీ

ఆఫ్రికాలో సింహాన్ని చూడాలని మా నాన్నగారి చిరకాల కోరిక. మొన్న వీకెండు మారేడ్‌పల్లి ఇంట్లో కూర్చుని ఎక్సెల్ షీటు తెరిచా. నాలుగు రోజులు మసాయి మారా, నైరోబీ నుంచి మొంబాసాకి రైలు (2017లో మొదలైన కొత్త లైను, సావో అడవి మధ్యనుంచి పోతుంది), చివర్లో డయానీ బీచి. ఆహా అనుకున్నా.

అక్కడ పడింది బ్రేకు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మనవాళ్లే 6 రోజుల దాకా క్వారంటైన్లో పెట్టొచ్చు. సూది నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. నాకైతే ఓకే. నాన్నగారికి 68. 60 దాటాక మొదటిసారి వేయించుకుంటే, అరుదే అయినా, ప్రమాదం ఎక్కువట. డాక్టరు వద్దన్నారు. "నువ్వెళ్లి ఫొటోలు తీసుకురారా" అన్నారు నాన్నగారు, పేపర్లోంచి తలెత్తకుండానే. ఆ మాట గుచ్చుకుంది.

షీటు మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెట్టా. దక్షిణాఫ్రికాకైతే ఈ టీకా గొడవ లేదు. కాకపోతే అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్లే టిక్కెట్లు, ఎంత చవకైనా సరే, వదిలేయాలి. జూలైలో క్రూగర్ పార్కులో వానలుండవు, జంతువులు నీళ్లున్నచోటికే వస్తాయి, దోమలూ తక్కువ. బీచికి డర్బన్. 1860 నవంబరులో మద్రాసు నుంచి చెరకుతోటల కూలీలతో ట్రూరో అనే ఓడ చేరింది అక్కడికే. తర్వాతి ఓడల్లో తెలుగువాళ్లు బోలెడుమంది వెళ్లారు.

ఈ ముక్క చెప్పగానే పేపరు పక్కన పెట్టేశారు. "అక్కడ మనవాళ్లు ఇంకా తెలుగు మాట్లాడతార్రా?" సింహం సంగతి అడగనేలేదు! పాస్‌పోర్టు కోసం మాత్రం బీరువా అంతా వెతుకుతున్నారు.