ఎర్ర దీపం దగ్గర కాసేపు

సికింద్రాబాద్‌ సరోజినీదేవి రోడ్డు. పొద్దున్నే స్కూలు ఆటోలు, బస్సుల హారన్లు, ఆఫీసులకు పరుగులు. ఆ రద్దీలోంచి సెయింట్‌ మేరీస్‌ చర్చి గేటు దాటి లోపలికి వెళ్తే చెవులకు ఒక్కసారిగా తెరిపి.

మొనదేలిన ఆర్చీలు, ఎత్తయిన పైకప్పు... ఐర్లండ్‌ నుంచి వచ్చిన ఫాదర్‌ డేనియల్‌ మర్ఫీ పూనికతో లేచిన ఈ చర్చి 1850లో పూర్తయింది. 2008లో బసిలికా హోదా దక్కింది. పండగనాడైతే కాలు పెట్టే చోటుండదు. నేను మాత్రం కావాలనే ఓ మామూలు మంగళవారం వెళ్లాను. క్రీస్తుతో స్నేహం అంటుంటారు కదా కథోలికులు, రోజువారీ బతుకులో అదెలా ఉంటుందో చూద్దామని.

పొద్దుటి పూజ అయిపోయింది. ముందువైపు చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. దివ్యసత్ప్రసాదం ఉంచే మందసం అక్కడుందని చెప్పే దీపమది. పూజలో అప్పం క్రీస్తు శరీరమవుతుందని కథోలికుల విశ్వాసం. అంటే లోపలున్నది ఆయన గుర్తు కాదు, ఆయనే. అందుకే వచ్చినవాళ్లంతా అటు తిరిగి కుడి మోకాలు వంచుతున్నారు. ఖాకీ చొక్కా ఆటో డ్రైవర్‌ ఒకాయన రెండు నిమిషాలైనా కూర్చోలేదు. పెదవులు కదిలాయి, సిలువ గుర్తు వేసుకున్నాడు, వెళ్లిపోయాడు. పక్కింటాయన్ని కిటికీలోంచి పలకరించి పోయినట్టుంది!

చివరి బెంచీలో ఓ నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తూ ఆగిందట. బయటికొచ్చాక మాట కలిపాను.

‘‘ఏమడుగుతారమ్మా రోజూ?’’

‘‘అడిగేదేముందండీ... చెబుతాను. ఫాదర్‌గారినైతే మీరు అంటాం. ఈయన్ని నువ్వనే కదా అంటాం. వార్డులో ముసలాళ్లకి నరం దొరక్కపోతే ‘కాస్త చూడు’ అంటా. అంతే.’’

17వ శతాబ్దంలో పారిస్‌ కార్మెల్‌ మఠంలో వంట చేసిన బ్రదర్‌ లారెన్స్‌ గుర్తొచ్చాడు. వంటపనంటే ఆయనకు స్వతహాగా ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుళ్ల మధ్యే దేవుడితో మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. ప్రార్థన వేళ, పని వేళ అని తేడా లేకుండా పోయిందట.

వినడానికి బావుంది. కానీ అవతలి నుంచి పలుకే రాకపోతే?

ఆ మాటే అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. 2021 మేలో, కరోనా రెండో దఫాలో, భర్త పోయాడు. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే. ‘‘ఎంత బతిమాలానో ఆయనకే తెలుసు. ఆ తర్వాత ఆరు నెలలు ఒక్క మాట మాట్లాడలేదండీ. కోపం. వచ్చి కూర్చునేదాన్ని, లేచి వెళ్లిపోయేదాన్ని.’’

మరి రావడం ఎందుకు మానలేదు?

‘‘మొగుడి మీద అలిగితే వంట మానేస్తామా?’’

మదర్‌ థెరీసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. దాదాపు 50 ఏళ్లు దేవుడి సన్నిధి తెలియక లోలోపల అల్లాడిపోయారామె. పూజా, ఆరాధనా మాత్రం మానలేదు. దేవుడికి దగ్గరవడానికి ఇన్ని మెట్లంటూ చెప్పే పుస్తకాల కన్నా ఆ ఉత్తరాలే నాకు నమ్మదగ్గవిగా అనిపిస్తాయి. అనుభూతి పోయాక కూడా వచ్చి కూర్చునేవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

‘‘మళ్లీ మాటలెప్పుడు కలిశాయి?’’ అన్నాను.

నవ్విందామె. ‘‘ఓ రోజు స్టవ్‌ మీద పాలు పెడితే గ్యాస్‌ అయిపోయింది. మా ఆయనుంటే ఆయనకు చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చి కూర్చోగానే నోరుజారి ఈయనకు చెప్పేశా. సిలిండర్‌ అయిపోయింది, ఒక్కదాన్నీ ఎలా మార్చుకోనూ అని. ఇక ఏడుపు ఆగితేనా! పక్కన కూర్చున్న పెద్దావిడ మంచినీళ్లిచ్చింది.’’

‘‘ఆయన జవాబు చెప్పాడా?’’

‘‘లేదండీ. సిలిండర్‌ పక్కింటి కుర్రాడు మార్చాడు.’’

బస్సు టైమవుతోందని లేచింది. గేటు దాకా వెళ్లి, చెప్పులు విడిచి మళ్లీ లోపలికి గబగబా నడిచింది. నిమిషంలో తిరిగొచ్చింది.

‘‘రేపట్నుంచి పగటి డ్యూటీ. సాయంత్రం వస్తానని చెప్పడం మర్చిపోయా.’’