ఆటోనగర్‌లో ఒక పూట

బెజవాడ చూడవచ్చినవాళ్ళు దుర్గమ్మ కొండ ఎక్కుతారు. ప్రకాశం బారేజి మీద కాసేపు గాలికి నిలబడతారు. ఓపిక ఉన్నవాళ్ళు మొగల్రాజపురం గుహల దాకా వెళ్తారు. ఆటోనగర్ చూసి రమ్మని మాత్రం ఎవరూ చెప్పరు. బండి చెడితేనే అక్కడికి పోవాలని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆస్పత్రిని గురించి కూడా మనవాళ్ళ నమ్మకం అదే కదా!

బందరు రోడ్డు మీద పటమట దాటాక ఎడమచేతికి తిరిగితే వస్తుంది ఈ ఊరు. ఊరు అనే అనాలి. 1966లో మొదలయిన ఈ జవహర్ ఆటోనగర్‌కు తన వీధులున్నాయి, తన హోటళ్ళున్నాయి, తన భాష ఉంది. ఒక పక్క ఇనుప చట్రం మాత్రమే మిగిలిన లారీకి కొత్త కర్రపని జరుగుతూ ఉంటుంది. ఇంకో పక్క పెయింటరు డోరు మీద నెమలిని వేస్తూ ఉంటాడు. నెమలికి కన్ను పెట్టేటప్పుడు అతని ఊపిరి కూడా ఆగుతుంది సుమా, నేను చూశాను. లేత్ మిషను రొద, వెల్డింగు మెరుపు, డీజిల్ వాసన, మధ్యలో అల్లం టీ గ్లాసులు పట్టుకొని పరుగెత్తే కుర్రాడు. తెలుగు పంతులును కాబట్టి నాకు మాటల మీదికి దృష్టి పోతుంది. ఇక్కడ అందరూ గౌరవంగా పలికే 'మేస్త్రి' అన్న మాట పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. ఇప్పుడది మన బెజవాడలో జీపుల కింద పడుకొని పని చేస్తోంది.

నేను వెళ్ళిన షెడ్డు మేస్త్రికి అరవై ఏళ్ళుంటాయి. 'బండికి ఏమైంది మాస్టారూ?' అన్నాడు. ఏమీ కాలేదన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూశాడు.

'టైమింగ్ బెల్టు మార్పిద్దామని వచ్చానండి' అన్నాను.

'అట్లా చెప్పండి. కూర్చోండి' అని తనే కుర్చీ తుడిచి వేశాడు.

మాది ఎనిమిదేళ్ళ డీజిల్ కారు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. బండితో ఇచ్చిన పుస్తకంలో 80 వేలకు ఆ బెల్టు మార్చమని ఉంది. మా అమ్మ శ్రీశైలం వెళ్ళాలని ఏడాదిగా అడుగుతోంది. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల దాకా ఊళ్ళున్నాయి. ఆ తరువాత నల్లమల. ఘాటు మలుపులు, రాత్రిపూట మూసేసే అడవి గేట్లు, చాలాచోట్ల పలకని సెల్‌ఫోను. అక్కడ డెబ్బై ఆరేళ్ళ మనిషిని రోడ్డు పక్కన కూర్చోబెట్టి సాయం కోసం చూడడం నాకు ఇష్టం లేదు. మా ఆవిడ వాదన వేరు. 'నిక్షేపంగా తిరుగుతున్న దాన్ని పదివేలు పోసి మార్చడమేమిటండీ?' అంది. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

బానెట్టు ఎత్తగానే కనిపించి, పాతబడితే కీచుమని అరిచే బెల్టు ఒకటుంటుంది. ఇది అది కాదు. ఇంజను పక్కన మూత చాటున, పళ్ళతో ఉండే రబ్బరు పట్టీ ఇది. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యాం షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూడడమే దీని ఉద్యోగం. క్యాం తిరిగితే వాల్వులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. క్రాంకు నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు ఇరవైఐదుసార్లు తెరుచుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకోవాలి. పద్యంలో యతి తప్పితే పండితుడు ముఖం చిట్లిస్తాడు, అంతే. ఇక్కడ యతి తప్పితే ఇనుము ఇనుమును కొడుతుంది. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగినా వాల్వులకు, పిస్టన్లకు నడుమ చోటు మిగులుతుంది. డీజిల్ ఇంజన్లలో ఆ చోటు ఉండడం బహు అరుదు.

పూర్వం ఈ పని చెయిన్లూ గేర్లూ చేసేవి. మన అంబాసిడరు చెయిన్‌తోనే నడిచింది. 1960ల మొదట్లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 కారులో పళ్ళ బెల్టు పెట్టింది. 1983 చివర వచ్చిన మారుతి 800 దాన్ని మన మధ్యతరగతి ఇళ్ళలోకి తెచ్చింది. చవక, తేలిక, చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడంలోనే ఉంది చిక్కంతా. నేటి కార్లలో కొన్నిటికి చెయిను, కొన్నిటికి బెల్టు. మీ బండికి ఏది ఉందో, ఎన్ని వేలకు మార్చాలో బండి పుస్తకంలోనే చూసుకోవాలి. పక్కింటివారి బండి లెక్క మనకు పనికిరాదు.

షెడ్డులో మరో కారు తల ఊడదీసి ఉంది. హెడ్డును బల్ల మీద బోర్లించారు. న్యూస్ పేపరు పరిచి దాని మీద పదహారు వాల్వులు వరసగా పెట్టారు. వాటిలో పది వంగి ఉన్నాయి, గాలివానకు వంగిన చెరుకు గడల్లాగా. ఆ బండి టాక్సీ. పాతికేళ్ళ కుర్రవాడు అప్పు చేసి సెకండ్‌హాండ్‌లో కొన్నాడట. ఏలూరు వైపు నుంచి వస్తుంటే ఇంజను ఒక్కసారిగా ఆగిపోయిందట.

'ముందుగా ఏమీ తెలియలేదా బాబూ?' అన్నాను.

'లేదు సార్. చప్పుడు లేదు, పొగ లేదు. పాత ఓనరు బెల్టు మార్చాడో లేదో నాకు చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు' అన్నాడు.

ఖర్చు అరవై వేలు దాటుతుందని మేస్త్రి చెప్పాడు. నెల వాయిదా ఎట్లాగూ ఆగదు, బండి మాత్రం ఆగింది. ఆ అబ్బాయి ఆ వాల్వుల వైపు చూడలేక వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

మా బండి పని మొదలయింది. చక్రం ఊడదీశారు, ఇంజనుకు కింద జాకీ పెట్టారు, మూత తీశారు. పాత బెల్టు విప్పేముందు మేస్త్రి పైచక్రం గుర్తునూ కిందిచక్రం గుర్తునూ వాటి వాటి గీతలకు ఎదురుగా తెచ్చి నిలిపాడు. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా లెక్క తప్పుతుందట. బెల్టుతోపాటు దాన్ని బిగించి ఉంచే టెన్షనరు, దారి చూపే ఐడ్లరు కూడా మార్చాలన్నాడు. మా బండిలో నీళ్ళ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు బేరింగు పట్టేసినా, నీరు కారినా కొత్త బెల్టు కూడా పాడవుతుంది. పంపు ధర కంటే, మళ్ళీ ఇదంతా విప్పి బిగించే కూలి ఎక్కువ. నూనె రబ్బరుకు శత్రువు కనుక క్యాం సీలూ క్రాంకు సీలూ కూడా కొత్తవి వేశాడు.

విప్పిన బెల్టు నా చేతికిచ్చాడు. అటూ ఇటూ వంచి చూశాను. పగులు లేదు, ఊడిన పన్ను లేదు. లోపల బలమిచ్చే గాజునారు దారాలు కంటికి కనిపించవు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో, నిమిషానికి రెండు వేల చుట్ల చొప్పున లెక్క వేస్తే, మా ఇంజను పదిహేను కోట్ల పైచిలుకు చుట్లు తిరిగింది. అన్ని చుట్లకూ ఈ పట్టీయే పట్టుకొని ఉంది.

'ఇంకెన్నాళ్ళు వచ్చేదంటారు?' అని అడిగాను. మా ఆవిడకు చెప్పడానికి ఏదో ఒక సాక్ష్యం కావాలి కదా.

'ఏమో మాస్టారూ. ఇంకో ఇరవై వేలు తిరిగేదేమో. దోర్నాల దాటేది కాదేమో. చూసి చెప్పగలిగినవాడు ఎవడూ లేడు' అన్నాడు. పాత టెన్షనరు మాత్రం నా చెవి దగ్గర పెట్టి తిప్పాడు. ఇసుక నమిలినట్లు గరగరలాడింది. ఆ టెన్షనరును అడిగి పుచ్చుకున్నాను. ఇంట్లో చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కొత్తది వేశాక వెంటనే తాళం తిప్పలేదు. పాన పట్టుకొని చేత్తోనే క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పాడు, మెల్లగా, ఎక్కడైనా అడ్డు తగులుతుందేమో వింటూ. గుర్తులు మళ్ళీ ఎదురెదురుగా వచ్చాయి. అప్పుడు స్టార్టు చేయమన్నాడు. బిల్లు 11,400 అయింది. బెల్టు తెగి వచ్చే బండ్ల మీదనే ఈ షెడ్డుకు ఎక్కువ రాబడి. అయినా నేను అడగకుండానే ఆయన మూత మీద తెల్లరంగుతో ఆనాటి తేదీ రాశాడు. దాని కింద 78,214 వేశాడు. ఆ కింద పెద్ద అక్షరాలతో, మళ్ళీ మార్చవలసింది 1,58,000 అని రాశాడు.

'రేపు ఈ బండి ఎవరి చేతికి పోయినా తెలియాలి కదా' అన్నాడు.

టాక్సీ అబ్బాయి లేచి వచ్చి ఆ అంకెలు చదివాడు. తన బండి మూత గోడకు ఆనించి ఉంది. దాని మీది మసిని మోచేత్తో తుడిచి చూశాడు. అక్కడేమీ రాసి లేదు.