మా బగ్దాదీ ఖాయిదా

నాకు అక్షరాలు నేర్పింది మా నానీమా. అస్ర్ నమాజు అయ్యాక వరండాలో చాప పరిచి, మొహల్లా పిల్లల్ని కూచోబెట్టి, ఒక్కొక్కరి చేతిలో బగ్దాదీ ఖాయిదా పెట్టేది. అలిఫ్, బే, తే... ఖురాన్ షరీఫ్ పట్టుకునే ముందు చదవాల్సిన పల్చటి పుస్తకం అది. చినిగితే మైదా ఉడికించిన బంకతో అతికించేది. "ఖాయిదా అయిపోయిందా?" అంటే మా ఇళ్లల్లో పిల్లాడికి అక్షరాలొచ్చాయా అని అర్థం.

2001 సెప్టెంబరులో నేను ఓ తెలుగు పత్రికలో ట్రైనీ సబ్ ఎడిటర్‌ని. డిగ్రీ తెలుగులో చేసినా స్కూలు చదువు ఉర్దూ మీడియం కదా, గల్ఫ్ వార్తయినా హజ్ వార్తయినా నా టేబుల్ మీదికే వచ్చేది. న్యూయార్క్‌లో టవర్లు కూలిన నాలుగైదు రోజులకి డెస్క్‌లో ఓ సీనియర్ అందరూ వినేలా అడిగాడు: "ఏం భాయ్, అల్‌ఖైదా అంటే ఏంటి? మీ భాషే కదా!"

ఆయన మామూలుగానే అడిగాడేమో. కానీ పది తలలు నా వైపు తిరిగాయి. "పునాది సార్. స్థావరం అని కూడా అనొచ్చు" అన్నాను. అది నిజమే. నానీమా ఖాయిదా కూడా అదే మాట, చదువుకి పునాది. ఆ సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు. సిగ్గేసింది. నేనెందుకు సిగ్గుపడ్డానా అని ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

మొన్న దస్తర్‌ఖాన్ దగ్గర, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి అడిగాడు: "అబ్బా, అల్‌ఖైదాని పుట్టించింది అమెరికానే అంట కదా? ఇంక మనల్ని అనడం దేనికి?" కాలేజీలో ఎవడో వాణ్ని ఏదో అన్నాడని తర్వాత తెలిసింది. వాడికి వాట్సాప్‌లో దొరికిన జవాబ్ అది. "అవును బేటా" అంటే అక్కడితో అయిపోయేది. అనలేకపోయాను. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాయి. లక్షల మంది ఇళ్లు వదిలి పాకిస్తాన్‌కీ ఇరాన్‌కీ హిజ్రత్ చేశారు. తిరగబడ్డ అఫ్గాన్ ముజాహిదీన్‌కి అమెరికా, సౌదీ ప్రభుత్వాలు డబ్బులిచ్చాయి. డబ్బూ ఆయుధాలూ పాకిస్తాన్ ఐఎస్ఐ చేతుల మీదుగా వెళ్లాయి. 1986 నుంచి విమానాల్ని కూల్చే స్టింగర్ మిసైళ్లు కూడా ఇచ్చారు. ఇంతవరకూ వాట్సాప్ చెప్పింది అబద్ధం కాదు.

కానీ కథలో ఇంకో ముక్క ఉంది. 1984లో పెషావర్‌లో అబ్దుల్లా అజ్జామ్ అనే పాలస్తీనా ఆలిమ్, సౌదీలో పెద్ద కాంట్రాక్టరు కొడుకైన ఉసామా బిన్ లాదెన్ కలిసి మక్తబ్ అల్ ఖిదమాత్ అని ఒకటి పెట్టారు. మనకి మక్తబ్ అంటే పిల్లల బడి. అరబ్బీలో ఆఫీసు. సేవల ఆఫీసు అన్నమాట. చందాలు పోగెయ్యడం, అరబ్ దేశాల నుంచి జిహాద్ అంటూ వచ్చే కుర్రాళ్లకి బస చూపించడం దాని పని. ఆ పైసలు చాలావరకు బిన్ లాదెన్ సొంతం, గల్ఫ్ చందాలు. అమెరికా అతనికి నేరుగా డబ్బిచ్చిందనడానికి ఆధారం లేదు. పొలం దున్ని పెట్టింది పెద్ద దేశాలే. విత్తనం మాత్రం వీళ్లది.

1988 ఆగస్టులో, సోవియట్ సేనలు వెనక్కి పోతుండగా, పెషావర్‌లో కొందరు కూచుని ఈ కుర్రాళ్లతో ఇకముందు ఏం చేయాలో మాట్లాడుకున్నారు. అల్‌ఖైదాకి పునాది పడింది అక్కడ. అంటే ఏ జుల్మ్ పేరు చెప్పి వాళ్లని పిలిచారో, అది ముగిసే వేళకి ఇది పుట్టింది. 1989 నవంబరులో అజ్జామ్ తన ఇద్దరు కొడుకులతో సహా పెషావర్‌లోనే బాంబుకి బలయ్యాడు. చంపిందెవరో ఈనాటికీ తేలలేదు.

1990లో సద్దాం కువైట్ మీద పడ్డాడు. సౌదీని నా మనుషులతో కాపాడతానన్నాడు బిన్ లాదెన్. రాజకుటుంబం వద్దని అమెరికా సైన్యాన్ని పిలిచింది. అక్కడి నుంచి అతని కోపం అటు మళ్లింది. సూడాన్ వెళ్లాడు. 1994లో సౌదీ పౌరసత్వం పోయింది. 1996లో మళ్లీ అఫ్గానిస్తాన్ చేరాడు. 1998 ఫిబ్రవరిలో ఫత్వా పేరుతో ఓ కాగితం విడుదలైంది. అమెరికన్లని చంపండి, సైనికుడా మామూలు మనిషా అని చూడక్కర్లేదని దాని సారాంశం. దాని ముందు నిలబడ్డ ఇద్దరిలో బిన్ లాదెన్ జెద్దాలో యూనివర్సిటీ చదువు చదివినవాడు, జవాహిరీ కైరోలో సర్జన్. మా మొహల్లా మౌల్వీ సాబ్‌కున్న సనద్ కూడా వాళ్లకి లేదు.

ఆ ఆగస్టులోనే నైరోబీ, దారుస్సలాంలలో అమెరికా ఎంబసీల ముందు బాంబులు పేలి 224 మంది చనిపోయారు. వాళ్లలో అమెరికన్లు 12 మంది. మిగిలినవాళ్లు దాదాపు అంతా ఆఫ్రికన్లే. 2001 సెప్టెంబరు 11న 2,977 మంది. ఆ రోజు గాయపడ్డవాళ్లకి మదద్ చేద్దామని టవర్ల వైపు పరిగెత్తి ప్రాణాలొదిలిన ఓ పాకిస్తానీ మూలాల ముస్లిం కుర్రాణ్ని మొదట్లో అనుమానించారు. ఇల్జామ్ పోయింది శవం దొరికాకే.

2003లో లేని ఆయుధాలు ఉన్నాయని చెప్పి అమెరికా ఇరాక్ మీద పడింది. అది జుల్మ్. ఆ బూడిదలో అల్‌ఖైదా మరో కొమ్మ వేసింది. జర్ఖావీ అనే జోర్డాన్‌వాడు 2004లో బిన్ లాదెన్‌కి బైఅత్ చేశాడు. 2005 నవంబరులో అతని మనుషులు అమ్మాన్‌లో మూడు హోటళ్ల మీద దాడి చేశారు. ఒకదాంట్లో పెళ్లి జరుగుతోంది. పెళ్లికొడుకు తండ్రి, పెళ్లికూతురి తండ్రి ఇద్దరూ పోయారు. ముస్లింల పెళ్లి అది. వెస్ట్ పాయింట్ పరిశోధకులు అరబ్బీ పత్రికల వార్తలు చూసి లెక్కగడితే, 2004–2008 మధ్య అల్‌ఖైదా మేమే చేశామన్న దాడుల్లో చనిపోయిన పాశ్చాత్యులు 15 శాతమే.

ఆ ఇరాక్ కొమ్మే తర్వాత ఐసిస్ అయింది. అల్‌ఖైదాతో తెగతెంపులు చేసుకుని, 2014లో దాని నాయకుడు తనని తాను ఖలీఫా అని ప్రకటించుకున్నాడు. పేరు అబూబకర్ అల్ బగ్దాదీ. ఆ వార్త రాస్తుంటే నా చెయ్యి ఆగింది. నానీమా పుస్తకం పేరులో రెండే మాటలు. రెండూ పోయాయి.

మా అబ్బాయితో చివరికి ఇదే అన్నాను. "అమెరికా చేసింది చెప్పు, దాచకు. మనవాళ్ల నోటి నుంచి, మన దీన్ మాటలతో పుట్టింది కూడా దాచకు. ఒక్కటే చెబితే ఎదుటివాడు నమ్మడు, నీకూ లోపల తెలుస్తూనే ఉంటుంది. మన ఉలమా నోరు మూసుకున్నారనుకోకు. 2008లో దేవ్‌బంద్‌లో వేలమంది కూచుని దహెషత్‌గర్దీ ఇస్లాంకి విరుద్ధమన్నారు. కానీ నువ్వు చేయని దానికి మాఫీ అడగొద్దు, సిగ్గుపడొద్దు. తెలుసుకో, అంతే."

వాడు కాసేపు ఊరుకుని, "ఆ సార్ ఇప్పుడు అడిగితే ఏం చెబుతావబ్బా?" అన్నాడు.

ముందు మా నానీమా చాప సంగతి చెబుతానన్నాను. పెషావర్ ఆ తర్వాత.

మా తమ్ముడి కూతురు మొన్న షాబాన్‌లో ఖాయిదా మొదలుపెట్టింది. పుస్తకం కొనిపెట్టింది నేనే. అట్ట మీద పేరు వేలు పెట్టి చదివింది, గట్టిగా.