ఊసరవెల్లికి ఆ కంచే ఇల్లు!

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు రైల్లో వెళ్తుంటే లింగంపల్లి దాటాక వస్తుంది శంకర్‌పల్లి. దిగి పొలాలవైపు నడిస్తే గట్లమీద తంగేడు, రేగు పొదల కంచెలు. వానాకాలం పొద్దున్నే కాసేపు ఓపిగ్గా చూడండి. ఆకే కదిలిందనుకుంటారు... అది ఊసరవెల్లి కావచ్చు! 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అంటాం కానీ రెండూ వేర్వేరు జీవులు. తొండ చకచకా పరిగెడుతుంది. ఊసరవెల్లి కొమ్మను పట్టకారులా పట్టుకుని ఊగుతూ అడుగేస్తుంది.

విదేశాల్లో దీని బంధువుల్ని పెంచుకునేవారు పడే తంటాలు అన్నీ ఇన్నీ కావు. గాలాడే జాలీ గూడు, ఎముకల బలానికి అతినీలలోహిత కిరణాల దీపం, ఎక్కడానికి కొమ్మలు, గుడ్లకు లోతైన మట్టి... అన్నీ అమర్చాలి. గిన్నెలో నీళ్లు పెడితే సాధారణంగా ముట్టదు. ఆకులమీది బొట్లే తాగుతుంది. అందుకే రోజూ నీళ్లు చిలకరించాలి.

శంకర్‌పల్లి కంచెలో ఎండ, మంచు, మిడతలు, మట్టి అన్నీ ఉచితమే! పైగా మన ఊసరవెల్లిని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లోని పలు పల్లెల్లో నిర్మాణాలకు పగ్గం వేసింది. 2022లో దాన్ని సడలిస్తూ 69 జీవో వచ్చింది. గట్లు పోయి ప్రహరీలు లేస్తే, రంగులు మార్చే జీవికి చోటు మార్చుకునే దారి ఉండదు.

ఇక్కడ ఫామ్‌హౌస్ కట్టుకుంటున్నారా? గోడ పక్కన కాస్త కంచె వదలండి. పురుగుమందు కొట్టకండి. అదే మీ ఊసరవెల్లి గూడు. తలుపు మాత్రం పెట్టొద్దు!