రెండూ ఒకరికేనా అండీ?

నాన్నకి చెమటలు పట్టి చేతులు వణికితే వడదెబ్బ అనుకున్నాం. మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. వారంలో మూడోసారి అలా అయినా మాకు తట్టలేదు.

షుగర్ బిళ్లలు అయిపోతే మందుల షాపుకి వెళ్లా. రెండు ఖాళీ స్ట్రిప్పులు కౌంటర్ మీద పెట్టి, నెలకు సరిపడా ఇమ్మన్నా. అక్కడున్న అమ్మాయి వాటిని తిప్పి చూసి, "రెండూ ఒకరికేనా అండీ?" అంది.

"అవును, మా నాన్నకి."

"రెండూ గ్లిమెపిరైడే. కంపెనీ పేర్లు వేరు, మందు ఒకటే. చెమటలు, వణుకు ఏమైనా వస్తున్నాయా?"

నా గుండె జారిపోయింది. ఒకటి మా ఊరి డాక్టరుగారు రాసింది. రెండోది కాలి పుండుకి టౌన్‌లో చూపించినప్పుడు రాశారు. పాత చీటీ పట్టుకెళ్లని తప్పు మాదే.

తనే మా డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన ఒకటి ఆపేయమన్నారు. పూజ అయ్యేదాకా టిఫిన్ తినరని చెబితే, "ఆ బిళ్ల వేసుకున్నాక తినకుండా ఉండకూడదు. మళ్లీ చెమటలు పడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంది.

తను ఫార్మ్-డి చదివిందట. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్ల కోర్సు, మన దేశంలోకి 2008లో వచ్చింది. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. మనమేమో కత్తెరతో స్ట్రిప్ కోసి చిల్లర ఇచ్చే మనిషినే చూస్తాం. (ఆ కోతలో మందు పేరు సగం ఎగిరిపోతుంది, అది వేరే గోల.)

"అందరికీ ఇలా చెప్తారా?" అనడిగా. నవ్వింది. "సాయంత్రం రష్‌లో కుదరదండీ. అమ్మితేనే కదా షాపుకి డబ్బులు, చెప్తే ఏం వస్తాయి?"

ఇంగ్లండ్‌లో 2024 నుంచి గొంతునొప్పి లాంటి ఏడు చిన్న జబ్బులకు ఫార్మసిస్టులే చూసి మందిస్తున్నారు, ప్రభుత్వం దానికి డబ్బు కడుతోంది. మన దగ్గర అంతదాకా వద్దు. చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చే షాపులు ఇప్పటికే చాలు. కానీ ఆ ఐదు నిమిషాల మాటకి లెక్క ఉండాలిగా!

ఇప్పుడు నాన్న ఎక్కడికెళ్లినా మందులన్నీ పాత స్వీటు డబ్బాలో వేసుకెళ్తున్నారు. మొన్న అందులోంచి పక్కింటాయన ఇచ్చిన మోకాళ్ల నొప్పి బిళ్లలు బయటపడ్డాయి.

"ఇవెవరు రాశారు అంకుల్?" అంది ఆ అమ్మాయి.

నాన్న నావైపు చూశారు.