ఊదుగొట్టము

మా తల్లిగారికి ఇరువదియేండ్లుగా దగ్గున్నది. ఉబ్బసమని కొందరు, ముసలితనమని కొందరు అనిరి. ఆమె ఊపిరి నెవ్వరును కొలువలేదు. రక్తపుపోటును ఏటేట కొలిపించుచున్న మేమును ఆ మాట తలపెట్టలేదు. ఊపిరిని కొలుచుట క్రొత్త విద్యయా? లండనులో జాన్ హచిన్‌సన్ అను వైద్యుడు 1846లోనే స్పైరోమీటరును గూర్చి ప్రకటించెను. అయినను మన చిన్న వైద్యశాలలలో అది నేటికిని అరుదు. యంత్రము దొరకినను అది గీయు వంకరగీతను చదువగలవారు కావలెను గదా!

ఆ చదువుటకే ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చుచున్నది. 2019లో ప్రకటితమైన యొక యూరపు పరిశోధనలో 120 మంది ఊపిరితిత్తుల నిపుణులకును, అట్టి మేధకును 50 మంది రోగుల పరీక్షలనే యిచ్చి చూచిరి. రోగమును సరిగా పేర్కొనుటలో నిపుణులకు నూటికి సుమారు 45, యంత్రమునకు 82 సరిపోయినవి. నిపుణుల గతియే యిట్లుండ, జ్వరములు దగ్గులు అన్నియు చూడవలసిన పల్లె వైద్యుని మాట చెప్పవలెనా!

మా వైద్యుడు అట్టి సాధనము తెప్పించెనని విని తల్లిగారిని తీసికొనిపోతిమి. ఆమె గొట్టమును నోట నుంచుకొని, కొంగు సవరించుకొని, దీపమార్పినట్లు మెల్లగా ఊదిరి. కంప్యూటరు రోగమని గాని ఆరోగ్యమని గాని చెప్పలేదు. ఊదుట చాలలేదు, మరల ఊదింపుడని వ్రాసినది. మూడు సారులును అంతే. ఈ వివేకము మాకు మిక్కిలి నచ్చినది. సిగ్గును రోగముగా చదివియుండిన నేమి గతి? పదిమంది యెదుట బిగ్గరగా నవ్వరాదని పెంచిన స్త్రీని, మగవారి నడుమ రొమ్ము పొంగించి ఊదుమనుట సులభమా?

ఎందుకు చాలలేదో మాత్రము యంత్రమునకు తెలియదు. నర్సుకు తెలిసినది. మమ్ము వెలుపలికి పంపినది. "అమ్మా, పచ్చికట్టెలు అంటుకోనప్పుడు ఊదుగొట్టంతో ఎట్లా ఊదేవారో అట్లా ఊదండి, ఊపిరి అయిపోయేదాకా" అన్న మాట తలుపు చాటున మాకు వినబడినది. పిమ్మట వచ్చిన ధ్వని మా తల్లిగారిదని నమ్మలేకపోతిమి.

మందు పీల్పించి మరల ఊదించిరి. మొదటి సెకనులో వెడలిన గాలి మొత్తములో నూటికి 58 పాళ్లు, 70కి తగ్గరాదట. గాలిగొట్టములు ఇరుకైనవని సాధనము సూచించినది. వైద్యుడు దానిని చూచి, ఆమె వైపు తిరిగి, "కట్టెల పొయ్యి ఎన్నేళ్లు ఊదారమ్మా?" అని అడిగెను.

తల్లిగారు వ్రేళ్లు మడచి లెక్కించిరి. కాపురమునకు వచ్చినది మొదలు, మేము ఉద్యోగమున చేరి గ్యాసుపొయ్యి కొనువరకు ముప్పదియొక్క యేండ్లు. ఉద్యోగమున చేరినది మొదలు ఆ పొయ్యి కొనుటకు మాకు మూడేండ్లు పట్టినది. ఆ మూడేండ్లలో రెండు బీరువాల పుస్తకములు కొంటిమి.